అర్ధరాత్రి ఆగిన ఓడ

బాత్రూములో అద్దం ముందు పెట్టిన గాజు గ్లాసు గలగలమని మోగితే మెలకువ వచ్చింది. పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. మంచం కింద ఎవరో పెద్ద గ్రైండరు ఆన్ చేసినట్టు గదంతా సన్నగా వణుకుతోంది. ఎదుటి బెర్తు మీంచి మా ఆవిడ తలెత్తి, "ఏవండీ, వచ్చేశామా?" అంది. ఇంకా లేదు, ఏదో ఊరు వచ్చినట్టుంది అన్నాను. "ఈ వేళప్పుడు ఇక్కడెవరు దిగుతారు?"

చొక్కా మీద కోటు వేసుకుని డెక్కు ఎక్కి చూశాను. రేవులో దీపాలు, తడిసిన సిమెంటు, పసుపు జాకెట్లు వేసుకున్న ఇద్దరు మనుషులు. అద్దాల వంతెన మీదుగా ముగ్గురో నలుగురో దిగారు. ఒకావిడ నిద్రపోతున్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. పావుగంట అయ్యిందో లేదో, ఓడ మళ్ళీ ఒడ్డుకి దూరం జరిగింది. రెండువేల మందికి పైగా ఎక్కే ఓడ ముగ్గురు నలుగురి కోసం అర్ధరాత్రి రేవుకి వచ్చి వెళ్ళిందా అంటే, వాళ్ళ కోసం కాదు. నా కేబిన్ అంత చవగ్గా దొరకడానికి కారణం ఆ పావుగంటే. ఈ కథనమంతా ఆ పావుగంట లెక్కే.

స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీకి మా ప్రయాణం. గీత గీసినట్టు కొలిస్తే సుమారు 400 కిలోమీటర్లు. నడుమ బాల్టిక్ సముద్రం. రోడ్డు మీదే పోతానంటే బోత్నియా సింధుశాఖ చుట్టూ ఉత్తరానికి వెళ్ళి, అక్కడ స్వీడన్ వదిలి ఫిన్లండులో పడి, మళ్ళీ కిందికి రావాలి. అది 1,700 కిలోమీటర్ల పైమాటే. విమానం గాల్లో ఉండేది గంట. ఓడ సాయంత్రం అయిదు ప్రాంతంలో బయల్దేరి మర్నాడు పదీ పదిన్నరకి చేరుతుంది. హెల్సింకీ గడియారం స్టాక్‌హోమ్ కన్నా ఒక గంట ముందుంటుంది కాబట్టి, వేళ్ళ మీద లెక్కపెడితే పదిహేడు గంటలు కనిపించినా నిజంగా ఓడలో ఉండేది పదహారు పైచిలుకు.

దీవుల మధ్య మెలికలన్నీ కలుపుకున్నా సగటున గంటకి పాతిక, ముప్పై కిలోమీటర్లకి మించదు. మన ఆర్డినరీ బస్సు నడక. ఓడకి చేతకాక కాదు. ఈ దారిలో తిరిగే సిల్యా సెరనేడ్ 1990లో, దాని చెల్లెలు సిల్యా సింఫనీ 1991లో ఫిన్లండులోని టుర్కు షిప్‌యార్డులో తయారయ్యాయి. ఒక్కొక్కటి 203 మీటర్ల పొడవు, 31.5 మీటర్ల వెడల్పు, 32,500 కిలోవాట్ల ఇంజన్లు. వేగం 21 నాట్లు, అంటే గంటకి 39 కిలోమీటర్ల దాకా పోగలవు. పోతే తెల్లవారకముందే చేరిపోతాయి. చీకట్లో నాలుగింటికి ఊరుగాని ఊళ్ళో దింపితే ఎవరికి లాభం? భోజనం, షాపింగు, నిద్ర, టిఫిను అన్నీ పట్టేలా రాత్రిని సాగదీయడమే ఈ టైంటేబుల్ మర్మం.

నెమ్మదికి ఇంకో కారణం కూడా ఉంది. స్టాక్‌హోమ్ బయట సుమారు 30 వేల దీవులు, రాతి తిప్పలు ఉన్నాయి. బయల్దేరిన మొదటి మూడు గంటలకు పైగా ఓడ ఆ దీవుల మధ్య సందుల్లోంచే పోతుంది. ఒడ్డున ఎర్రరంగు చెక్క ఇళ్ళు, వాటి ముందు చిన్న చెక్క రేవులు. ఓడ లేపే అల ఒడ్డుని కోసేస్తుందని అక్కడ వేగానికి కట్టడి పెట్టారు. జూన్ చివర్లో స్టాక్‌హోమ్‌లో పొద్దు గుంకేది రాత్రి పది దాటాక, మళ్ళీ పొడిచేది మూడున్నరకి. దీవుల మధ్య గడిచే ఆ మూడు గంటలూ డెక్కు మీద నిలబడడానికి ఎవరూ డబ్బులడగరు. డిసెంబరులోనైతే మధ్యాహ్నం మూడు కాకముందే చీకటి పడిపోతుంది. అప్పుడు సముద్రం వైపు కిటికీకి అదనంగా డబ్బు కడితే కిటికీలో కనిపించేది మన మొహమే.

ఇక టికెట్టు. ఈ ఓడల్లో ధర ఎక్కువ భాగం మనిషికి కాదు, కేబిన్‌కి. అందుకే ఒక్కడు వెళ్ళేటప్పుడు ఖరీదనిపించేది ఇద్దరైతే సగమవుతుంది. లెక్క కోసం కేబిన్ 140 యూరోలు అనుకుందాం. ఒంటరికి 140, దంపతులకి చెరి 70, నలుగురు స్నేహితులకి తలా 35. ఇది నా ఊహాధర, అసలు ధర రోజుని బట్టి మారుతుంది. ఫిన్లండులో సెలవుల నెల జులై కాబట్టి అప్పుడు ధర పైన, శుక్ర, శనివారాలు ఎప్పుడూ పైనే. వారం మధ్యలో, చలికాలం మొదట్లో వెతికితే అదే గది బాగా దిగుతుంది. విమానంతో పోల్చేటప్పుడు చాలామంది ఒక టికెట్టు పక్కన ఇంకో టికెట్టు పెట్టి చూస్తారు. అది తప్పుడు తూకం. విమానం పళ్ళెంలో రెండు టికెట్లు, రెండు పెట్టెల చార్జి, రెండు ఊళ్ళలోనూ ఎయిర్‌పోర్టు రైలుకి చెరొక టికెట్టు కలిపి నాలుగు, ఆ రాత్రి పడుకోవడానికి ఒక హోటల్ గది వెయ్యాలి. హోటల్ తప్ప తక్కినవన్నీ రెండుతో గుణించాల్సినవే. ఓడ పళ్ళెంలో రెండుతో గుణించాల్సింది తిండి ఒక్కటే. స్టాక్‌హోమ్ ఆర్లాండా విమానాశ్రయం ఊరికి 40 కిలోమీటర్ల అవతల ఉంది. ఓడరేవులు మాత్రం రెండు చోట్లా ఊళ్ళోనే.

పగటి లెక్క కూడా చూడండి. గంట విమానానికి రెండు గంటల ముందు వెళ్ళాలి, రెండు చివర్లా ప్రయాణం కలిపితే వెలుతురున్న అయిదు గంటలు పోతాయి. ఓడలో పోయేవి సాయంత్రం కొంత, పొద్దున కొంత. ఆ రెండూ చూడ్డానికి బాగున్న వేళలే కాబట్టి వాటిని ఖర్చు కింద రాయాలో జమ కింద రాయాలో నేను తేల్చుకోలేకపోయాను.

అయితే చవక అన్న మాటని చవగ్గా నమ్మకూడదు. ఓడ లోపలికి అడుగు పెట్టగానే ఎదురయ్యేది ఓడ కాదు, బజారు. సెరనేడ్, సింఫనీ ఓడల్లో ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 140 మీటర్ల పొడవున ఒక వీధి ఉంది. రెండువైపులా దుకాణాలు, కాఫీ హోటళ్ళు, పైన అద్దాల కప్పు. ఆ వీధి మీదికి కిటికీలు తెరుచుకునే కేబిన్లు కూడా ఉన్నాయి. సముద్రం మీద ప్రయాణిస్తూ బజారు వైపు కిటికీకి డబ్బు కట్టడం ఏమిటా అనుకున్నాను. పండగ రోజు మేడ మీంచి వీధి చూసే మనబోటివాళ్ళకి అదీ ఒక సరదానే అని తరవాత అర్థమైంది.

రాత్రి బఫే మనిషికి 45, టిఫిను 15 వేసుకోండి. ఇవీ అనుకోలు ధరలే. ఇద్దరికీ కలిపి 120. చాక్లెట్లు, ఒక సెంటు సీసా కలిపి 40. కేబిన్ 140తో మొత్తం 300. అంటే టికెట్టు అనుకున్నది మొత్తంలో సగం కూడా లేదు. ఇది మా దుబారా ఒక్కటే కాదు. సిల్యాని 2006లో కొనుక్కున్న ఎస్టోనియా కంపెనీ టాలింక్ 2019 లెక్కల ప్రకారం గ్రూపు ఆదాయం సుమారు 95 కోట్ల యూరోలు. అందులో సగానికి పైగా వచ్చింది దుకాణాలు, రెస్టారెంట్ల నుంచి. టికెట్ల నుంచి వచ్చింది నాలుగో వంతు చుట్టుపక్కల. మిగిలినదాంట్లో పెద్ద ముక్క లారీలూ సరుకూ. ఆ ఏడాది ఆ గ్రూపు ఓడలెక్కినవాళ్ళు అన్ని దారుల్లో కలిపి 98 లక్షల మంది. కరోనా తరవాత 2023లో 57 లక్షలు. జనం తగ్గినా వ్యాపారం తీరు మాత్రం అదే. ఓడ ఎక్కించడం సగం పని, ఎక్కినవాడి చేత కొనిపించడం మిగతా సగం.

ఇప్పుడు గలగలలాడిన గ్లాసు దగ్గరికి వద్దాం. ఆ ఊరి పేరు మారియెహామ్. ఓలాండ్ దీవులకి ముఖ్యపట్నం. మ్యాపుల్లో ఆలాండ్ అని కూడా కనిపిస్తుంది. ఈ దీవులు ఫిన్లండువి, మాట్లాడేది మాత్రం స్వీడిష్. జనాభా 30 వేలు, అంటే మనకి ఒక పెద్ద మేజర్ పంచాయతీ. 1917లో ఫిన్లండు రష్యా నుంచి విడిపోయినప్పుడు దీవులవాళ్ళు మేం స్వీడన్‌లో కలుస్తాం అన్నారు. తగువు నానాజాతి సమితి దాకా వెళ్ళింది. 1921లో తీర్పు వచ్చింది. దీవులు ఫిన్లండుకే, కాని వాళ్ళ భాష, వాళ్ళ స్వపరిపాలన వాళ్ళవే, సైన్యం అక్కడ కాలు పెట్టకూడదు. వందేళ్ళు దాటినా ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు.

1995 జనవరి 1న ఫిన్లండు, స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో చేరాయి. ఓలాండ్‌వాళ్ళు ఆ ముందు నెలల్లో విడిగా ఓటింగు పెట్టుకుని, చేరతాం కాని మీ పన్నుల గీత బయట ఉంటాం అని ఒప్పందంలో రాయించుకున్నారు. అప్పటికి దాని విలువ ఎంతమందికి తెలుసో గాని, నాలుగున్నరేళ్ళు తిరిగేసరికి అందరికీ తెలిసొచ్చింది. 1999 జులై 1 నుంచి యూనియన్ దేశాల మధ్య డ్యూటీ ఫ్రీ అమ్మకాలు రద్దయ్యాయి. స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకీ అంటే ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడమే, పన్ను మినహాయింపు ఎందుకన్నారు. కాని దారిలో ఓలాండ్ రేవుని తాకితే ఓడ పన్నుల గీత దాటి బయటికి వెళ్ళి వచ్చినట్టు లెక్క. అందుకని స్వీడన్, ఫిన్లండుల మధ్య తిరిగే పెద్ద ఓడలు మారియెహామ్‌లోనో, అదే దీవుల్లోని లాంగ్‌నెస్ రేవులోనో కాలు మోపి వస్తాయి. ఇటు నుంచి వచ్చే ఓడకి అది అర్ధరాత్రి అవుతుంది, హెల్సింకీ నుంచి వచ్చేదానికి తెల్లవారుజాము నాలుగు అవుతుంది. ఓడ కదలకుండా మడమ తిప్పడానికి ముక్కు దగ్గర అడ్డంగా అమర్చిన ప్రొపెల్లర్లు తిరుగుతాయి. కింది అంతస్తుల్లో, ముందు భాగంలో కేబిన్ తీసుకున్నవాళ్ళకి ఆ గ్రైండరు శబ్దం వాటివల్లే.

గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ విషయం ఇంత విడమరచి చెప్పనక్కర్లేదు. ఓలాండ్ అంటే సముద్రం మధ్య యానాం, పుదుచ్చేరి పన్నులతో మందు చవగ్గా దొరికే ఊరు. కాకినాడ నుంచి బండి వేసుకుని యానాం ఎందుకు వెళ్ళొచ్చావని ఎవరూ ఎవర్నీ అడగరు. చిత్రం ఏమిటంటే ఫిన్లండు యూనియన్‌లో చేరిన 1995 జనవరిలోనే, అదే నెల 16 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చింది. అప్పుడు యానాం దారి ఎంత రద్దీగా ఉండేదో ఆ జిల్లాలవాళ్ళు చెప్పాలి.

స్వీడన్, ఫిన్లండు రెంటికీ మద్యంతో పాత పేచీ ఉంది. ఫిన్లండులో 1919 నుంచి 1932 దాకా నిషేధం. ఎత్తేసిన రోజున ప్రభుత్వ దుకాణాలు తెరిచిన వేళ 32వ సంవత్సరం, 4వ నెల, 5వ తారీకు, పొద్దున 10 గంటలు. అక్కడివాళ్ళు దీన్ని తారీకు ముందు, నెల తరవాత, సంవత్సరం, గంట వరసలో పేర్చి 543210 అని గుర్తుపెట్టుకుంటారు. ఈ రోజుకీ కాస్త ఘాటైన సరుకు అమ్మేది ప్రభుత్వ దుకాణాలే. ఫిన్లండులో వాటి పేరు ఆల్కో, స్వీడన్‌లో సిస్టెంబొలాగెట్. పైన ఎక్సైజు, ఆ పైన వ్యాట్. ఫిన్లండులో 2024 సెప్టెంబరు నుంచి వ్యాట్ 25.5 శాతం, స్వీడన్‌లో 25. పావుగంట ఓలాండ్‌ని తాకితే ఆ భారమంతా దిగుతుంది.

ఓలాండ్ మీదుగా వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు తెచ్చుకోగలిగింది లీటరు ఘాటు మద్యం, 4 లీటర్ల వైను, 16 లీటర్ల బీరు. దంపతులైతే అన్నీ రెట్టింపు, కలిపి 42 లీటర్లు. ఒకటిన్నర గ్యాస్ బండ అంత బరువు! మోసేవాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారు. పొద్దున దిగే వరసలో మా ముందు ఒక వృద్ధ జంట. ఆయన దగ్గర మడత పెట్టే చక్రాల బండి, దాని మీద నాలుగు బీరు పెట్టెలు ఒకదాని మీద ఒకటి, చుట్టూ రబ్బరు తాడు రెండు వరసలు. ఆవిడ ప్రతి గడప దగ్గరా పైపెట్టె మీద చెయ్యి వేసి పట్టుకుంటోంది, చంటిపిల్లాడి తల పట్టుకున్నట్టు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఈ పని వాళ్ళు ముప్పై ఏళ్ళుగా చేస్తున్నారని చూస్తేనే తెలుస్తుంది.

ఇలాంటివాళ్ళు చాలామంది హెల్సింకీలో ఊరు చూడ్డానికి కాదు, ఓడ కోసం ఓడెక్కుతారు. పొద్దున దిగి ఆరు గంటలు తిరిగి అదే కేబిన్‌లో సాయంత్రం వెనక్కి. రెండు రాత్రుల ఈ రానుపోను టికెట్టు కొన్నిసార్లు ఒకవైపు టికెట్టు కన్నా తక్కువకి దొరుకుతుంది. మొదటిసారి చూసినప్పుడు వెబ్‌సైటు తప్పనుకున్నాను. తప్పు కాదు. ఒక రాత్రి ఉండేవాడి కన్నా రెండు రాత్రులు ఉండేవాడు బజారులో రెట్టింపు ఖర్చు పెడతాడు. ఒకవైపే వెళ్ళాలనుకున్నా రెండు ధరలూ చూడడం మంచిది.

జంటగా వెళ్ళేవాళ్ళు అసలు జాగ్రత్తపడాల్సింది కేబిన్ బొమ్మ దగ్గర. ఓడలో పట్టే జనం 2,852. కేబిన్లు వెయ్యికి కాస్త తక్కువ. భాగించి చూస్తే కేబిన్‌కి సుమారు ముగ్గురు. అంటే ఎక్కువ గదులు నలుగురి కోసం కట్టినవి, జంటకి ఇచ్చినప్పుడు పై రెండు బెర్తులూ గోడకి మడిచేస్తారు. మాకిచ్చిందీ అదే. అటొక బెర్తు, ఇటొక బెర్తు, మధ్యలో ఒక మనిషి పక్కకి తిరిగి నిలబడేంత దారి. బాత్రూము గడప జానెడెత్తు, తలుపు తీస్తే ఇద్దరిలో ఒకరు మంచం ఎక్కాల్సిందే. సెకండ్ ఏసీ సైడు బెర్తులో హనీమూన్ చేసుకున్నవాళ్ళకి ఇది రాజభోగం. కాకపోతే రైల్లో లాగా పక్కవాళ్ళెవరూ లేరన్నదొక్కటే తేడా. డబుల్ బెడ్ కావాలంటే ఆ మాట విడిగా రాసి ఉన్న గదే తీసుకోవాలి, "ఇద్దరికి" అని ఉంటే చాలదు. నన్నడిగితే మిగిలిన డబ్బు కిటికీకి కాదు, మంచానికి పెట్టండి. సముద్రం డెక్కు మీద ఎటూ ఉచితమే.

అన్నిటికన్నా చవకైన గదులు కొన్ని కార్ల అంతస్తు కింద, నీటిమట్టానికి దిగువన ఉంటాయి. వాటి గురించి మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "మునిగితే?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు ఈ సముద్రంలోనే ఉంది. 1994 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, టాలిన్ నుంచి స్టాక్‌హోమ్ వస్తున్న ఎస్టోనియా అనే ఓడ మునిగిపోయింది. ఓడలో ఉన్నది 989 మంది. 852 మంది పోయారు, 137 మంది బతికారు. తుపాను అలలకి ఓడ ముక్కు తలుపు ఊడిపోయి నీళ్ళు కార్ల అంతస్తులోకి దూరాయి. ఇలాంటి ఓడల్లో కార్ల అంతస్తు ఈ చివర నుంచి ఆ చివరకి అడ్డుగోడల్లేని హాలు. పళ్ళెంలో నీళ్ళు పోసి కాస్త వంచితే మొత్తం ఒక పక్కకే పోతాయి కదా, అదే జరిగింది. గంట లోపు ఓడ పక్కకి ఒరిగి మునిగింది. ఆ రాత్రి సాయానికి పరుగెత్తిన ఓడల్లో సిల్యా సింఫనీ కూడా ఉంది. ఇప్పుడు మీరు టికెట్టు కొనే ఓడే అది.

ఆ తరవాత నిబంధనలు మారాయి. 1996 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం, ఓడకి దెబ్బ తగిలి కార్ల అంతస్తులో అరమీటరు దాకా నీళ్ళు చేరినా ఒరిగిపోకుండా నిలబడాలి. ఎంత లోతు నీళ్ళకి అన్నది ఆ సముద్రంలో లేచే అలల ఎత్తుని బట్టి లెక్కగడతారు. 1998లో వచ్చిన ఇంకో నిబంధన వల్ల 20 నాటికల్ మైళ్ళు దాటి పోయే ఓడలు ఎక్కిన ప్రతి మనిషి వివరాలూ రాసుకోవాలి. టికెట్టు కొనేటప్పుడు ఇద్దరి పేర్లూ, వయసూ విడివిడిగా అడిగేది అందుకే. మీరు చేయాల్సింది ఒకటే. ఎక్కగానే, బఫే వాసన పట్టకముందే, కేబిన్ తలుపు వెనక అంటించిన మ్యాపు చూసి, ప్రమాదం వస్తే చేరాల్సిన మీ అసెంబ్లీ స్టేషన్ దాకా ఇద్దరూ కలిసి ఒకసారి నడిచి రండి. లిఫ్టులో కాదు, మెట్ల మీద. మాకు నాలుగు నిమిషాలు పట్టింది.

కుదుపు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. దారిలో చాలా భాగం దీవుల చాటునే. విప్పారిన నీళ్ళు తగిలేది ఓలాండ్‌కి ముందు కొంతసేపు, ఆ తరవాత రాత్రి ఫిన్లండు సింధుశాఖలో. బాల్టిక్ సగటు లోతు 55 మీటర్లే. ఉప్పు కూడా నామమాత్రం. మహాసముద్రంలో లీటరుకి 35 గ్రాములుంటే ఇక్కడ ఆరో ఏడో. అందుకే చలికాలంలో పైన మంచు కడుతుంది. ఆ మంచుని చీల్చుకుంటూ పోయేలా కట్టిన ఓడలు కాబట్టి ఆ రోజుల్లో కేబిన్ గోడకి అవతల సంచిలో రాళ్ళు కదిలించినట్టు చప్పుడు వినిపిస్తుందట. తల తిరిగే అలవాటున్నవాళ్ళు ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది తీసుకుంటే నయం.

కాగితాల విషయం తేలిక. రెండూ షెంగెన్ దేశాలే, ఓలాండ్ కూడా. భారత పాస్‌పోర్టుకి ఒక్క వీసా చాలు. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు. దిగేచోట మమ్మల్ని ఎవరూ ఆపలేదు, కాని పాస్‌పోర్టు ఇంట్లో వదలొద్దు. డబ్బు మాత్రం రెండు రకాలు, ఇటు క్రోనా, అటు యూరో. పక్కా శాకాహారులైతే బఫేలో సాల్మన్, హెరింగ్ చేపల వరస దాటాక ఉడకబెట్టిన బంగాళాదుంపలు, రై రొట్టె, చీజ్, బెర్రీ పళ్ళు కనిపిస్తాయి. మేం డబ్బాలో పులిహోర పట్టుకెళ్ళాం. 45 యూరోల బఫేకి పులిహోరకీ ఉన్న నిష్పత్తి నేను ఇంకా లెక్క వెయ్యలేదు.

ఇంతకీ ఈ దారిని మొదట నిలబెట్టింది బీరు పెట్టెలు కాదు. 1638లో స్వీడన్ రాజ్యం తపాలా దారి వేసినప్పుడు, స్వీడన్ ఒడ్డున గ్రిస్లెహామ్ నుంచి ఓలాండ్‌లోని ఎకెరో దాకా ఉన్న సుమారు 40 కిలోమీటర్ల సముద్రం మీద ఉత్తరాలు మోసే పని తీరం రైతుల మీద పడింది. తెరచాప పడవలు, తెడ్లు, చలికాలం మంచు మీద పడవని ఈడ్చుకుపోవడం. ఎందరో ఆ దారిలోనే పోయారు. ఆ తరవాత 1950ల చివర కార్లు ఎక్కే ఓడలొచ్చాయి. వాటిని నింపింది పని వెతుక్కుంటూ స్వీడన్ ఫ్యాక్టరీలకి పోయిన ఫిన్లండు పల్లెల కుర్రాళ్ళు. 1969, 1970 రెండేళ్ళలోనే సుమారు 80 వేల మంది వెళ్ళారు.

ఉత్తరాంధ్రలో మా తాతల తరం కూడా ఇలాగే వెళ్ళింది, "రంగం" అని. రంగూన్‌ని అలాగే అనేవారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం రేవుల నుంచి స్టీమరెక్కి డెక్కు టికెట్టు మీద, చాప పరిచిన మేర తమ కేబిన్‌గా, బంగాళాఖాతం దాటి. ఆడవాళ్ళని వెంట తీసుకెళ్ళినవాళ్ళు తక్కువ. భార్యాభర్తలిద్దరూ కలిసి ఓడెక్కడం అప్పట్లో మోజు కాదు, అదృష్టం. ఇప్పుడు స్టాక్‌హోమ్ శివారు కిస్తాలోనో, హెల్సింకీ పక్కన ఎస్పూలోనో ఉద్యోగాలు చేసే మన పిల్లలు శనాదివారాలకి ఈ ఓడ ఎక్కుతున్నారు. మాకు కేబిన్ పట్టిందీ వాళ్ళలో ఒకరే, మా ఆవిడ అక్క కొడుకు. "బాబాయ్, గంట మారుతుంది, టిఫిను మిస్సవకండి" అని మెసేజ్ కూడా పెట్టాడు.

మిస్సయ్యాం. నా ఫోను ఫిన్లండు టవరు పట్టుకుని గంట ముందుకి జరిగింది, మా ఆవిడది జరగలేదు. ఆవిడ ఫోనునే నమ్మడం నా అలవాటు. ఓడలో ఏ గడియారం నడుస్తోందో ఎక్కగానే అడిగి ఉంటే సరిపోయేది. ఇద్దరికీ కలిపి 30 యూరోల టిఫిను, మూసిన తలుపు అద్దంలోంచి చూశాం. మిగిలిన పులిహోర పట్టుకుని పై డెక్కు ఎక్కాం.

అప్పటికి ఓడ హెల్సింకీ ముంగిట్లోకి వచ్చేసింది. ఎడమపక్కన సుఓమెన్‌లిన్నా కోట. 1748లో స్వీడన్‌వాళ్ళు మొదలుపెట్టిన కోట అది, 1991 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ కోటకీ పక్క దీవికీ మధ్య నీటి సందు వంద మీటర్లు కూడా లేదు. దాంట్లోంచి 31.5 మీటర్ల వెడల్పున్న మన మేడ పోవాలి. ఇంజను శబ్దం తగ్గిపోయింది. రాళ్ళ మీద ఒక అమ్మాయీ అబ్బాయీ కూర్చుని కాఫీ తాగుతున్నారు, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. ఆ అమ్మాయి తలెత్తి మమ్మల్ని చూసి కప్పు పైకెత్తింది. మా ఆవిడ చేతిలో ఉన్న డబ్బా మూతని అలాగే పైకెత్తి చూపించింది.